గార్డు బాబాయి అడిగే టైము

ఏ ఫొటో చూపించినా రిటైరైన గార్డు బాబాయి ముందు అడిగేది ఒకటే: "టైమేటి?" ప్రతి స్టేషనులోనూ బండి కదిలిన నిమిషం రాసుకున్న చెయ్యి మరి.

బిలాస్‌పూర్ రైల్వే క్వార్టరు వదిలి అదే ఊళ్ళో సర్కండా పేటకి వెళ్ళాక, మంచం పట్టిన పిన్ని పాత క్వార్టరు ముందు తను నాటిన జామచెట్టు మీద బెంగపెట్టుకుంది. ఏడాదంతా రోజుకో ఫొటో తీస్తానని పంతం పట్టిన నేను, పక్క క్వార్టరువాడినే కాబట్టి, రోజూ ఆ చెట్టునే తీసి పంపుతానన్నాను. మూడు వారాలకే నా కళాతృష్ణ ఆదివారాలకు పరిమితమైంది. ఆ రోజే ఏడు తీసేసి, రోజుకొకటి పంపేవాణ్ణి.

ఒక గురువారం బాబాయి జామకాయల కోసం సంచీతో వచ్చాడు. చెట్టు లేదు, మొద్దు ఉంది. కార్లకు చోటు కావాలని ముందురోజే కొట్టేశారట. నేను కిటికీ కూడా తెరవలేదు.

"పొద్దున్న పంపిన ఫొటోలో కాయలున్నాయి కదరా! టైమేటది?"

ఆదివారం తీసిందని ఒప్పుకున్నాను.

"బండి చూడకుండా నేనొక్క సంతకం పెట్టనేదు. నువ్వు లేని చెట్టుకి పెట్టీసినావు! అది చూసే మీ పిన్ని సంచీ ఇచ్చి పంపింది. దానికేటి చెప్పను?" సంచీ నా మొహాన కొట్టాడు. "మొద్దు ఫొటో తియ్. టైము వెయ్యి. నువ్వే వచ్చి చూపించు."

పదకొండూ ఇరవై అని వేశాను. ఆటోలో, ఉద్యోగమంతా బండి చివర కూర్చున్న మనిషి, నా పక్కన కూర్చోలేక ముందు డ్రైవరు పక్కన ఇరుక్కున్నాడు.