లిఫ్టులో అంటించిన పటం

పాన్ ఉమ్ముల్లో ఎన్ని రకాలున్నాయో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పొద్దుటిది పలుచగా జారిపోతుంది. భోజనం తర్వాతి జర్దాది గోడను పట్టుకుని ఎండుతుంది, చాకుతో గీకాలి. ఛీ, ఇన్నేళ్ల తర్వాత తలుచుకున్నా అన్నం సయించదు.

డెబ్బయ్యో దశకంలో కోస్తా నుంచి బతుకుతెరువు కోసం వచ్చి, పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో లిఫ్టు మనిషిగా చేరాను. మూడంతస్తుల మేడ. సరుకుకీ మనుషులకీ అదొక్కటే లిఫ్టు. ఇనప జాలీ తలుపు లాగడం, పిడి తిప్పడం, స్టూలు మీద కూర్చోవడం, అంతే పని అన్నారు. మహానుభావులు మూలల్లో ఉమ్మినదంతా కడగడం కూడా నా పనేనని చేరాక తెలిసింది. చదువుకున్నవాళ్లు కూడా నా మొహం చూస్తూనే తల పక్కకు తిప్పి తుపుక్కున ఉమ్మి, "మూడో అంతస్తు" అనేవాళ్లు.

ఒకరోజు ఫోర్‌మన్ తలుపు దగ్గరే ఆగిపోయాడు.

"ఏందయ్యా గిది? లిఫ్టా, ఉమ్ముల తొట్టా? వచ్చే వారం పెద్ద సారు వస్తుండు. గిట్లనే ఉంటే నువ్వు జల్దీ ఇంకో నౌకరీ సూసుకో."

మర్నాడు ఇంట్లో పాత క్యాలెండరు కత్తిరించి, వేంకటేశ్వరస్వామి పటం తెచ్చి, ఉమ్మి ఎక్కువగా పడే గోడకు మైదా జిగురుతో అంటించాను. ఆ తర్వాత ఒక్క చుక్క పడితే ఒట్టు! జర్దా బుగ్గన పెట్టుకుని ఎక్కినవాడు దణ్ణం పెట్టుకుని నోరు బిగించుకునేవాడు. కొందరైతే చెప్పులు బయటే విడిచి ఎక్కేవాళ్లు. ఫోర్‌మన్ నా భుజం తట్టాడు. ఎంత తెలివైనవాడినో అని నేనూ మురిసిపోయాను.

ఉమ్మడం మానింది ఎవరు? మెట్ల మీద దేవుడు లేడు కదా, అక్కడికి మారారు. రెండు రోజుల్లో మెట్ల మలుపులన్నీ ఎర్రబడ్డాయి. మెట్లు నా డ్యూటీ కాదు గనక నేను పట్టించుకోలేదు.

మూడో అంతస్తుకు కుళాయి నీళ్లు ఎక్కేవి కావు. పక్కనున్న లక్డారం ఊరి నుంచి వచ్చే ఒకావిడ రెండు బకెట్లతో రోజంతా లిఫ్టులో మోసేది. దినకూలి. ఒక్క రోజు నీళ్లు అందకపోతే మేస్త్రీ ఇంకొకరిని పెట్టుకుంటాడు. కాన్పుకు వెళ్తూ తన బదులు తోటికోడలిని పంపింది. అంతలో నాట్లు మొదలై తోటికోడలు పొలానికి పోవలసి వచ్చింది. దాంతో కాన్పయిన పన్నెండో రోజునే ఈవిడ మళ్లీ బకెట్లు పట్టుకుని వచ్చి, లిఫ్టు ముందు నిలబడిపోయింది.

"ఎక్కమ్మా."

"ఎట్ల ఎక్కుత సారూ? బాలెంతను. ఇంక అంటు పోలే. లోపల దేవుడున్నడు గద."

బకెట్లయినా లోపల పెట్టమన్నాను. ఒప్పుకోలేదు. వట్టి కాళ్లతో ఆ ఉమ్ముల మీదుగానే మెట్లెక్కింది. ఆమె మోసుకెళ్లిన నీళ్లు పైన అందరూ గటగటా తాగారు. అప్పుడు ఎవరికీ అంటు గుర్తుకు రాలేదు.

అది దేవుడు కాదమ్మా, ఉమ్మికి అడ్డం పెట్టిన కాగితం అని నేను చెప్పి ఉండొచ్చు. పీకేసి ఉండొచ్చు. పెద్ద సారు రావడానికి రెండు రోజులే ఉంది. తలుపు లాగాను.

మర్నాడు మధ్యాహ్నం మెట్ల మీద బకెట్టు దొర్లిన చప్పుడైంది. లిఫ్టును రెండో అంతస్తులో ఆపి పరుగెత్తాను. మెట్ల మలుపులో ఆవిడ పడి ఉంది. ఉమ్మి మీద కాలు జారింది. చీరంతా ఎరుపు. అందులో ఉమ్మి ఎంతో, నెత్తురు ఎంతో తెలియలేదు. నలుగురు మగవాళ్లు ఆమెను ఎత్తుకుని లిఫ్టు దాకా తెచ్చి, అక్కడ ఆగిపోయారు.

"లోపల దేవుడున్నడు. బాలెంత, పైగా నెత్తురు... పాపం తగుల్తది," అన్నాడు ఒకడు. పాన్ బుగ్గన పెట్టుకునే అన్నాడు ఆ మాట!

వాడి మీద అసహ్యం వేసింది, వాడికంటే ఎక్కువ నా మీద. గోళ్లతో పటం పీకాను. సగమే ఊడింది. మిగతా సగాన్ని ఉమ్మి గీకే చాకుతోనే గీకేశాను.

"ఇప్పుడు లేడు! ఎక్కించండి!" అని అరిచాను.

కిందికి దించి, జీపులో సంగారెడ్డి ఆసుపత్రికి పంపాం. ఆమె కూలి పోకూడదని ఆ తర్వాత నేనే నీళ్లు మోశాను. పెద్ద సారు వచ్చి, కింద ఆఫీసులో చాయ్ తాగి, లిఫ్టు మొహం చూడకుండానే వెళ్లిపోయాడు. అప్పటికే పటం ఊడిన చోట మళ్లీ ఉమ్మారు.

వారం తిరగకముందే ఆమె వచ్చింది. మొహం పాలిపోయి ఉంది. బకెట్లు కింద పెట్టి, లోపలికి తొంగి చూసింది.

"దేవుడున్నడా సారూ?"

"లేడమ్మా."

"అయితే ఎక్కుత."

కాలు పెట్టడానికి శుభ్రమైన చోటు కోసం వెతికింది. ఎక్కడా లేదు. చీర కుచ్చిళ్లు కాస్త పైకి పట్టుకుని, ఆ ఉమ్ముల మధ్యే నిలబడింది. నేను తలుపు లాగాను.