మోటారు దగ్గర సీటు

మా బావకు, అంటే మా ఆయన అన్నకు, ఇంజన్ ఉన్న ప్రతిదీ ట్రాక్టరే. పడవ కొనడానికి హైదరాబాద్ వెళ్లినప్పుడు కూడా ఆయన మొదట అడిగింది ఎన్ని హెచ్‌పీ అని. పడవ వెడల్పెంత, మనిషి లేచి నిలబడితే ఊగుతుందా, ఇవేవీ ఆయనకు పట్టలేదు. ఆ మనిషిని చూస్తే నాకు ఒళ్లు మండడం కొత్త కాదు. ఆ రోజు కాస్త ఎక్కువే మండింది.

పడవ ఆలోచన నాది. ఏళ్ల తరబడి డెయిరీకి పాలు పోసి దాచుకున్న డబ్బు నాది. బాన్సువాడ నుంచి నిజాంసాగర్ ఎంత దూరమని? ఆదివారం పొద్దున ఆ నీళ్ల మీద ఒక చక్కర్ కొట్టాలి, అదీ నేనే నడుపుతూ కొట్టాలి, అంతే నా ఆశ. కాపురానికి వచ్చిన నాటి నుంచి బైక్ మీద వెనక కూర్చున్నాను, కారులో వెనక కూర్చున్నాను, ట్రాలీలో చెరకు కట్టల మీద కూర్చున్నాను. స్టీరింగ్ ముట్టుకోబోతే "నీకెందుకమ్మా" అనేవాడు బావ. మా ఆయన నేలచూపులు చూసేవాడు. ఇద్దరిలో ఎవరి మీద ఎక్కువ కోపమో నేనింకా తేల్చుకోలేదు.

నాకు నచ్చింది అడుగు బల్లపరుపుగా ఉన్న చిన్న ఫైబర్ పడవ. నలుగురు పడతారు. వెనక చిన్న మోటారు, బటన్ నొక్కితే స్టార్ట్ అయ్యేది. ఎండాకాలం నిజాంసాగర్ అంచుల్లో మోకాలి లోతే నీళ్లుంటాయి, అడుగు మొనదేలిన పడవ బురదలో దిగబడుతుంది. ఆ మాటే చెప్పాను. బావ వినిపించుకోకుండా మొనదేలిన పెద్ద పడవ పక్కన నిలబడి, దానికి తాడు గుంజి స్టార్ట్ చేసే పెద్ద మోటారు పెట్టమన్నాడు.

"గిదైతే మొగోళ్ల బండి లెక్క ఉన్నది. గా బటన్‌ది పిల్లలు ఆడుకునేది."

"నడిపేది నేను బావా."

"నువ్వేం నడుపుతవమ్మా. తాడు గుంజుడు నీతోని అయితదా?"

మా ఆయన ఫోన్ చూసుకుంటున్నాడు.

ఎలా గుంజాలో చూపిస్తానని బావే ముందుకు వెళ్లాడు. షాపు వెనక నీళ్ల డ్రమ్ములో మోటారు బిగించి ఉంది. గుంజితే ఒకసారి దగ్గింది. మళ్లీ గుంజితే అదీ లేదు. ఇంకా బలంగా గుంజి, భుజం పట్టుకుని కూలబడ్డాడు. నాకు జాలి కలగలేదు. చెప్పొద్దూ, సంబరమేసింది.

"బటన్‌దే మంచిగున్నది. నేను ముందే అనుకున్న" అన్నాడు భుజం రుద్దుకుంటూ. అలా నేను కోరిన పడవే ఆయన సెలక్షన్ అన్న పేరు మీద ఇంటికొచ్చింది. వాడకట్టంతా ఆయన్నే మెచ్చుకుంది.

మొదటి ఆదివారం నిజాంసాగర్ ఒడ్డున బావ కొబ్బరికాయ కొట్టి, ఎవరినీ అడక్కుండా వెళ్లి మోటారు దగ్గర కూర్చున్నాడు. మా ఆయన ముందు కూర్చున్నాడు. నాకు మధ్యలో పలక చూపించి "పైలంగ కూసో" అన్నాడు బావ. బటన్ నొక్కాడు. చప్పుడు లేదు. మళ్లీ మళ్లీ నొక్కి, షాపతనికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి తిట్లకు దిగాడు.

"ఎర్ర తాడు క్లిప్ పెట్టిండ్రా అన్నా?" అన్నాడు అతను. "అది లేకుంటే స్టార్ట్ గాదు. నడిపేటోళ్ల చేతికి కట్టుకోవాలె, నీళ్లల్ల పడితే మోటార్ బంద్ అయితది. మేడమ్‌కు ఇచ్చిన గదా."

తాడు నా మణికట్టుకే ఉంది. పొద్దున ఇంట్లోనే కట్టుకుని పైన కొంగు కప్పుకున్నాను. బావ చెయ్యి చాపాడు.

"ఇటియ్యమ్మా."

నేను కదల్లేదు. ఒడ్డున జనం పోగవుతున్నారు. అప్పుడు మా ఆయన, ఇన్నేళ్లలో మొదటిసారి, మా ఇద్దరి మధ్య నోరు తెరిచాడు.

"ఇచ్చెయ్ రాదు. అందరు చూస్తున్నరు."

"ఇద్దరూ దిగుండ్రి" అన్నాను.

ముందు బావ దిగాడు. మా ఆయన దిగుతూ, తనను ఉండమంటానేమోనని నా వైపు చూశాడు. నేను మోటారు దగ్గర కూర్చుని క్లిప్ పెట్టి బటన్ నొక్కాను.