తీసేసిన నోటీసుల రిజిస్టరు

మతసంస్థ నడిపే ఆ కాలేజీలో ప్రార్థన గంట మోగకముందే అటెండరు నోటీసు బోర్డు దగ్గరుంటాడు. కాలేజీ ముద్ర లేని కాగితం కనబడిందా, పిన్నులు ఒక్కొక్కటే గోటితో పీకి జేబు అంచుకు గుచ్చుకుంటాడు. ముద్ర లేనివన్నీ విద్యార్థుల రాజకీయ సంఘానివే. దానికి అక్కడ అనుమతి లేదు. తీసిన నోటీసులో ఏముందో రిజిస్టరులో రాయాలని ప్రిన్సిపాల్ హుకుం. పాత అటెండరు ఒక్క ముక్కలో తేల్చేసేవాడు. ఈయన కళ్ళజోడు సవరించుకుని, పెదాలు కదుపుతూ, పొల్లుపోకుండా మొత్తం ఎక్కించి, ఆ తర్వాతే కాగితం చింపుతాడు. ప్రిన్సిపాల్ చదవకుండానే కింద సంతకం గీకేస్తాడు.

మొన్న సంఘం కార్యదర్శి, బక్కపల్చటి పిల్ల, వచ్చి నిలబడింది. "బాబాయ్, పొద్దున తీసిన కాగితం ఇస్తారా? మా దగ్గర ఇంకోటి లేదు."

"చింపేశానమ్మా. రూలు రూలే."

"నలుగురం వారం రోజులు తంటాలుపడి రాశాం. మళ్ళీ ఆ మాటలే రమ్మంటే రావు."

ఆయన రిజిస్టరు తెరిచి ఆమె వైపు తిప్పి, మంచినీళ్ళు తాగొస్తానని వెళ్ళాడు. గ్లాసెడు నీళ్ళకు అరగంట పట్టింది.

మర్నాడు అదే నోటీసు బోర్డు మీదుంది. ఆయన ఎప్పటిలాగే పిన్నులు పీకాడు, రిజిస్టరు తెరిచాడు. 'పైదే' అని రాస్తే సరిపోయేది. కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ మొదటి వాక్యం నుంచి మొదలుపెట్టాడు: 'మా మాట విన్నాక కాదనండి.'