ఆయన బిగించిన చేపల తొట్టె

మా ఆడపడుచు ఆ రోజు అన్న మాట నేను మర్చిపోలేదు. మర్చిపోను కూడా.

ఈ దీవిలో, రేవు పక్కన హాడో పేటలో మాకు సర్కారు క్వార్టర్ ఇచ్చిన కొత్త. మా ఆయనకి రేవులో ఉద్యోగం. తాతల నాటి నుంచి చేపల వేట చేసిన ఇంట్లో పుట్టి, డ్యూటీ చొక్కా తొడుక్కున్నాక ఆయనకి ఏదో వెలితి. ఒక సాయంత్రం గాజు తొట్టె, అందులోకి రంగు చేపలు పట్టుకొచ్చారు. జంగ్లీఘాట్ నుంచి వచ్చిన వాళ్ళక్క అది చూసి పడీపడీ నవ్వింది.

"ఏట్రా తమ్ముడూ, సేపల్ని సూసుకోడానికి పెంచుతావేటి? నీ పెళ్ళానికి పులుసు పెట్టడం రాదేటి?"

ఇక్కడ తరచూ నేల కదులుతుంది కాబట్టి ఆయన తొట్టెని బీరువా మీద పెట్టి, కిటికీ ఊచలకి తాడుతో కట్టారు. పడవని కట్టినట్టే, కాస్త వదులుగా. "పోటుకి లేవాలి కదే" అన్నారు, అలవాటు కొద్దీ. ఆ వదులే కొంప ముంచింది. ఒక పొద్దున్న భూమి కదిలితే తొట్టె ముందుకి జరిగి, వెనక్కెళ్ళి గోడకి కొట్టుకుని పగిలింది. ఆడపడుచు వచ్చి, "పులుసు పెట్టీసావేటే?" అంది. నేల తుడుస్తున్నదాన్ని, తల కూడా ఎత్తలేదు.

రెండో తొట్టెకి ఆయన పద్ధతే మార్చారు. బీరువా మీద కాదు, పొట్టి బల్ల మీద. బల్లని గోడకి స్క్రూలతో బిగించారు. తొట్టె కింద రబ్బరు చాప, పైన మూత, చుట్టూ వెడల్పాటి పట్టీ, వేలు దూరనంత బిగువుగా. నీళ్ళు అంచుకి నాలుగు వేళ్ళు తక్కువ. లోపల పెద్ద రాళ్ళు లేవు. గాలి మోటారు వైరుని ప్లగ్గు కంటే కిందకి వేలాడదీసి పైకి తెచ్చారు, వైరు వెంట నీళ్ళు జారినా ప్లగ్గులోకి పోకుండా నేల మీదే పడాలని. "కదిలితే దాన్ని పట్టుకోకు, నువ్వు దూరంగా జరుగు" అనేవారు.

ఆయన పోయారు. క్వార్టర్ ఖాళీ చేశాను. జంగ్లీఘాట్‌లో అద్దె గది తీసుకుని, అన్నీ ఆయన చేసినట్టే చేయించి, అదే పట్టీ బిగించాను. మోటారు గుడగుడ వింటే ఆయన డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా తొట్టె ముందు కూర్చున్నట్టుంటుంది.

మొన్న మళ్ళీ నేల కదిలింది. దూరంగానే నిలబడ్డాను, ఆయన చెప్పినట్టే. నీళ్ళు అటూ ఇటూ ఊగి, మూతని కొట్టి, సద్దుకున్నాయి. తొట్టె జరగలేదు.

"చూశారా!" అన్నాను, పక్కకి తిరిగి. పక్కన గోడ ఉంది.

ఆడపడుచు రొప్పుకుంటూ వచ్చింది. "ఏటే, తొట్టె ఉందా?"

"ఉంది వదినా."

బల్ల ముందు చతికిలబడి, తమ్ముడి పట్టీ మీద చెయ్యి వేసింది. చాలాసేపు తియ్యలేదు.

నాకేమైనా అయిందా అని మాత్రం అడగలేదు. అదీ గుర్తుపెట్టుకున్నాను.