పండగ తప్పని బండి

మహానంది దారిలో మా ఇల్లు. విదేశీ దంపతులిద్దరు ఏటా సెలవులకు వచ్చి, మంచం, పొయ్యి అన్నీ ఉన్న వాళ్ల వ్యానులో ఊళ్లు తిరిగి, వెళ్లేటప్పుడు దాన్ని మా దొడ్లో వదిలిపోతారు. తాళం మా ఆయన చేతికిచ్చేవారు. ఆయన వారానికోసారి ఇంజను ఆడించేవాడు. ఆయుధపూజకు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించేవాడు.

మొన్న దసరాకు ముందే ఆయన పోయాడు. "ఒంటి ఆడమనిషివి, నీకెందుకొదినా ఈ బరువు? వాళ్లొస్తే చెప్పి బండిని నంద్యాల షెడ్డులో పెట్టిస్తా" అన్నాడు మా మరిది. ఆయన రోజూ తుడిచిన బండి అది.

ఆ ఏడు మా ఇంటికి పండగ లేదు. బండికెందుకు తప్పాలి? నేనే నిమ్మకాయలు పెట్టి, ఎక్కి కూర్చున్నాను. ఆయన గేరులో ఆపాడని నాకేం తెలుసు? తాళం తిప్పగానే వ్యాను ఒక్క దూకు దూకి, ఎదురుగా ఉన్న గడ్డివామిలో ముక్కు దూర్చి ఆగింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. పక్కింటి హుసేన్‌బీ పరిగెత్తుకొచ్చి, నేను బాగానే ఉన్నానని చూసుకుని, "ఏందక్కా, బండికి గడ్డి మేపుతాండావా?" అని పగలబడి నవ్వింది.

ఆ దంపతులు వచ్చాక జరిగిందంతా చేతులతో చేసి చూపించాను. ఆయన లేడన్న మాట కూడా చేతులతోనే చెప్పాను. దొరసాని నన్ను గట్టిగా పట్టుకుంది.

వాళ్లు వెళ్లే రోజు తాళం కోసం మా మరిది చెయ్యి చాపాడు. ఆమె అతన్ని దాటుకుని వచ్చి, తాళం నా అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది.

ఇప్పుడు వారానికోసారి ఇంజను నేనే ఆడిస్తున్నాను. ఆయన కూర్చున్న సీటులోనే కూర్చుని, ముందు గేరు చూసుకుని.