పుర్రచేతి పువ్వు

మా వీధిలో ఎవరికైనా గాలి సోకిందంటే ముందు నవ్వేది నేనే. మా అత్తగారు గుమ్మానికి కట్టించిన తాయెత్తును బూజుతో పాటు దులిపి పారేసిన మనిషిని. అలాంటి నేనే ఇది రాస్తున్నాను. నమ్మమని అడగను, జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది మొగల్తూరు దగ్గర పల్లెటూరు. మా వైపు ఆడవాళ్ళు మధ్యాహ్నం అన్నాలయ్యాక లేసు అల్లుతారు. ఏజెంటు దారం ఇచ్చి వెళ్తారు. మేం పువ్వులు అల్లి, వాటిని కలిపి దుప్పటి చేసి ఇస్తాం. ముప్పై ఏళ్ళు మా అరుగు మీద నా పక్కన కూర్చుని అల్లింది సత్యవతి. రెండో తరగతి నుంచీ నా స్నేహితురాలు. నాకు అక్కచెల్లెళ్ళు లేరు, ఆ లోటు దానివల్లే తెలియలేదు.

సత్యవతిది పుర్రచెయ్యి, ఏ పనైనా ఎడమచేత్తోనే. మేం అల్లిన పువ్వు రేకలు ఒకవైపు వాలితే, దానివి రెండోవైపు వాలేవి. రెండు రకాలూ ఒకే దుప్పటిలో కలిపితే అతికినచోట లాగేసి ముడత పడుతుంది. అందుకే ఏజెంటు సూర్యనారాయణ గారు దాని పని ఎప్పుడూ విడిగా తీసుకునేవారు. "దేవుడు నిన్ను అద్దంలో చూసుకుంటూ చేశాడే" అని ఏడిపించేదాన్ని. అదీ నవ్వేది.

పోయిన వేసవిలో నాకు మణికట్టు నొప్పి చేసింది. గడువు దగ్గర పడుతోందని సత్యవతి నాకు చెప్పకుండా ఆరు పువ్వులు అల్లి నా డబ్బాలో వేసింది. ఎవరివో చూసుకోకుండా అన్నీ కలిపేశాను. దుప్పటి వెనక్కొచ్చింది. సూర్యనారాయణ గారి ముందే సత్యవతి మీద విరుచుకుపడ్డాను.

"నీ పుర్రచేతి పువ్వు ఇంకోసారి నా దుప్పటిలో కనపడకూడదే" అన్నాను.

సాయం చేసిన మనిషిని అన్నాను ఆ మాట. అది సూదీ దారం సర్దుకుని వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి మా అరుగెక్కలేదు.

నేనూ వాళ్ళింటికి వెళ్ళలేదు. నాకు పొగరెక్కువ. మూడు వారాలకి, దాన్ని గుండెనొప్పితో భీమవరం ఆసుపత్రిలో చేర్చారని తెలిసింది. వాళ్ళ కోడలు ఫోన్ చేసి, "అత్తయ్య మిమ్మల్ని ఓసారి రమ్మంటున్నారండి" అంది. రేపు పొద్దున్నే వస్తానన్నాను. ఆ సాయంత్రమే పోయింది. ఎందుకు పిలిచిందో కోడలికీ తెలీదు. నా మీద కోపంతోనే పోయిందా అన్న ఆలోచన నన్ను తినేసింది.

పెద్దకర్మ అయిన వారానికి సూర్యనారాయణ గారు కొత్త ఆర్డరు తెచ్చారు. ఎప్పుడూ ఇచ్చే తెల్లదారం కాదు, మీగడ రంగు. ఆ రంగు మా ఊళ్ళోకి రావడం అదే మొదలు, అదీ నాకొక్కదానికే ఇచ్చారు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

తొమ్మిది వరుసలకి ఎనభై ఒక్క పువ్వులు కావాలి. ఎనభై అయ్యాయి. మధ్యాహ్నం రెండు దాటింది. ఒక్కటేగా, కాసేపాగి అల్లుదామని రేకు డబ్బాకి మూతపెట్టి, దాని మీద తువ్వాలు మడిచి వేసి, తల ఆన్చి అరుగు మీదే నడుం వాల్చాను. కునుకు పట్టింది. లేచేసరికి మూడున్నర. డబ్బా నా తల కిందే ఉంది. మూత తీసి వరుసలు పేరుస్తుంటే తొమ్మిదో వరుస కూడా నిండిపోయింది.

లెక్క తప్పాననుకుని మళ్ళీ ఒక్కొక్కటే తీస్తున్నాను. ఒకదాని దగ్గర చెయ్యి ఆగిపోయింది. మీగడ రంగే. రేకలు మాత్రం రెండోవైపు వాలి ఉన్నాయి. తిరగబడిందేమోనని తిప్పి చూశాను. కాదు, దారం ముడులన్నీ వెనక వైపే ఉన్నాయి.

మా ఊళ్ళో పుర్రచేత్తో అల్లేవాళ్ళు ఇంకెవరూ లేరు. వాళ్ళ కోడలికైతే సూది పట్టడమే రాదు. నిద్రమత్తులో నేనే అల్లానేమోనని మర్నాడు ఎడమచేత్తో ప్రయత్నించాను. మొదట్లోనే దారం చిక్కుపడింది.

సూర్యనారాయణ గారు వచ్చినప్పుడు ఏమీ చెప్పకుండా ఆ పువ్వు చేతికిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని చూసి, "ఇది సత్యవతిగారి చెయ్యి కదండీ" అన్నారు. అంతలోనే ఆయనకి గుర్తొచ్చింది. "ఈ దారం ఆవిడకి నేనెప్పుడిచ్చానండీ?" అని నన్నే అడిగారు. పువ్వు తిరిగి నా చేతిలో పెట్టేసి, "అది తీసేసి ఇంకోటి వేసేయండి, ముడత పడిపోద్ది" అన్నారు.

తియ్యలేదు. సరిగ్గా నడిమధ్యన పెట్టి కలిపాను. కలుపుతున్నంతసేపూ ఏడుస్తూనే ఉన్నాను. దుప్పటి వెనక్కొచ్చింది, వస్తుందని తెలుసు. ఇప్పుడు మా మంచం మీదే ఉంది. ఇస్త్రీ చేయిస్తే మధ్యలో ఆ ముడత పోతుందేమో అని మా ఆయన రెండుసార్లు అన్నారు. వద్దన్నాను.

ఆ పువ్వు ఎలా వచ్చిందో ఈ రోజుకీ నాకు తెలీదు. కోపం పోయిందని చెప్పడానికి అల్లిందో, నేనన్న మాట నాకు గుర్తుచెయ్యడానికి అల్లిందో అసలు తెలీదు. ఆ రెంటిలో ఏదో తెలిస్తే చాలు నాకు.

అందుకే ఇప్పుడు ఏ ఆర్డరొచ్చినా ఆఖరి పువ్వు అల్లకుండా ఆపి, డబ్బాకి మూతపెట్టి, తల కింద పెట్టుకుని పడుకుంటున్నాను. లేచి చూస్తే ప్రతిసారీ ఒకటి తక్కువే ఉంటోంది.