వందన సమర్పణ సుబ్రహ్మణ్యం

బందరులో సభ ఏదైనా సరే, ఆఖరున మైకు ముందుకొచ్చేది వెంకటసుబ్రహ్మణ్యమే. పద్యనాటకం కానివ్వండి, కూచిపూడి కానివ్వండి, ఎవరో రిటైరైన ఇంజనీరు సొంత ఖర్చుతో వేసుకున్న కవితల పుస్తకం కానివ్వండి, చివర వందన సమర్పణ ఆయనదే. ముప్పై ఏళ్లుగా ఊళ్లో అదే ఆయన ఇంటిపేరు. కొత్తగా వచ్చిన పోస్టుమాన్ అడ్రసు అడిగితే, వీధి మొదట్లో కిళ్లీకొట్టువాడు "వందన సమర్పణ గారిల్లా? ఆ పచ్చ గేటు" అని చూపిస్తాడు.

ఈ పదవి ఆయన కోరుకున్నదేం కాదు. కోర్టులో గుమాస్తాగా ఉన్న రోజుల్లో ఒకసారి కృష్ణాతీర కళాసమితి వార్షికోత్సవానికి వెళ్లి రెండో వరసలో కునుకు తీస్తున్నాడు. వందనాలు చెప్పాల్సిన పెద్దమనిషి కడుపు పట్టుకుని ఇంటికి పరుగెత్తాడు. సమితి కార్యదర్శి నాగభూషణరావు చుట్టూ చూస్తే, అప్పటికీ కదలకుండా కూర్చున్న రసికుడు ఈయనొక్కడే కనిపించాడు. లేపి మైకు చేతిలో పెట్టాడు. రోజూ వాది ప్రతివాదుల జాబితాలు చదివే నోరు గదా, సుబ్రహ్మణ్యం గడగడా పాతిక పేర్లు చెప్పి దిగాడు. ఆ పాతిక పేర్లూ మెడకు చుట్టుకున్నాయి.

ఈ పనిలో ఒకటే ఇబ్బంది, వినేవాళ్లు ఉండరు. "ఇప్పుడు వందన సమర్పణ" అనే మాట చెవిన పడగానే జనం మోకాళ్లు వాటంతటవే లేస్తాయి. చెప్పుల కోసం తొక్కిసలాట మొదలవుతుంది. టెంటుహౌసు హనోకు వెనక వరస నుంచి కుర్చీలు ఒకదాన్లో ఒకటి దించుకుంటూ వస్తాడు. మూడో పేరుకి వచ్చేసరికి హాల్లో మిగిలేది బందరు దోమలే. అయినా సుబ్రహ్మణ్యం ఒక్కరినీ వదలడు. పూలదండలు ఇచ్చినవారికి, మైకువారికి, ఆ పూట కరెంటు పోనందుకు సబ్‌స్టేషన్ వారికి, అందరికీ పేరుపేరునా వందనాలే. తన పేరు వినిపించినప్పుడు హనోకు చేతిలో కుర్చీతోనే వంగి దండం పెడతాడు.

సమితి నాటకాలన్నిటికీ హార్మోనియం ఏసుపాదం. కోడూరు పక్క పల్లె. ఆదివారం పొద్దున తమ చర్చిలో వాయిస్తాడు, మిగతా రోజుల్లో కృష్ణుడికీ దుర్యోధనుడికీ వాయిస్తాడు. మా వైపు నాటకంలో ఒక కృష్ణుడితో సరిపెట్టరు. రాయబారానికి ఒకడు, యుద్ధానికి ఇంకొకడు, ఎవడి శ్రుతి వాడిది. రాగం తీస్తూ తీస్తూ కృష్ణుడు దారి తప్పితే, ఏసుపాదం రెండు మెట్లు నొక్కి మెల్లగా చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చేవాడు. "వన్స్ మోర్" కేకలు మాత్రం కృష్ణుడికి పడేవి. ఆఖరి పద్యం అవగానే ఏసుపాదం పెట్టె మూసి, చల్లపల్లి మీదుగా వెళ్లే ఎనిమిదింబావు కోడూరు బస్సుకి పరుగెత్తేవాడు. అది తప్పితే మళ్లీ తెల్లవారాకే.

ఈమధ్య నాగభూషణరావు ఒక కీబోర్డు కొన్నాడు. మీట నొక్కితే తబలా కూడా అదే వాయించుకుంటుంది. కృష్ణుడు దారి తప్పితే తప్పనిస్తుంది, అది వేరే విషయం. ఈ ఏడు వార్షికోత్సవమే తనకు ఆఖరిదని ఏసుపాదం కోనేరు సెంటర్లో టీ తాగుతూ చెప్పాడు.

"అలాగైతే నీకు మాంఛి సన్మానం చేయిద్దాం. శాలువా, జ్ఞాపిక, అన్నీ," అన్నాడు సుబ్రహ్మణ్యం ఉత్సాహంగా.

ఏసుపాదం గ్లాసు కింద పెట్టాడు. "శాలువా ఏం చేసుకోనండీ, మా దివిసీమ ఉక్కలో? ఒక్క మాట అడుగుతాను, ఏమనుకోకండి. ముప్పై ఏళ్లలో మీరు నా పేరు ఒక్కసారైనా చెప్పారా?"

"అదేం మాటయ్యా! ప్రతిసారీ చెప్పాను. నువ్వు బస్సుకి పోతావు గనక వినలేదు."

"అంతేనేమోలెండి," అన్నాడు ఏసుపాదం. అలా ఒప్పేసుకోవడమే సుబ్రహ్మణ్యానికి గుచ్చుకుంది.

కోర్టు గుమాస్తా కాగితం ముక్క పారెయ్యడు. ముప్పై ఏళ్ల వందనాల చీటీలూ బీరువా కింద బిస్కెట్ల డబ్బాల్లో ఉన్నాయి. రుజువు చూపించి ఏసుపాదం నోరు మూయిద్దామని మధ్యాహ్నమంతా చాప మీద పరుచుకుని కూర్చున్నాడు. పూలవాడున్నాడు, సోడాలవాడున్నాడు, పందిరికి గుంట తవ్వినవాడున్నాడు. ఏసుపాదం లేడు. ఒక్క చీటీలో హార్మోనియం అనే మాట కనిపించింది. ఆత్రంగా చదివాడు: "గుడివాడ నుంచి శ్రమకోర్చి విచ్చేసి తమ వేళ్లతో అమృతం కురిపించిన శ్రీ రాజారత్నం గారికి." అది ఏసుపాదానికి జ్వరమొచ్చిన రోజు.

"చీటీలో లేకపోతే ఏం, నోటితో చెప్పే ఉంటాను," అని భార్య బాలాత్రిపురసుందరి దగ్గర గొణిగాడు. "మనవాడే కదా, ప్రత్యేకంగా రాసుకోవడం ఎందుకని..."

ఆవిడ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ తలెత్తలేదు. "నేనూ మనదాన్నేగా. ముప్పై ఏళ్లుగా మీ పంచెలు ఇస్త్రీ చేస్తున్నాను, నా పేరేమైనా ఉందేమో కాస్త వెతకండి."

సుబ్రహ్మణ్యానికి నిజంగా సిగ్గేసింది. పేరు చెప్పకపోతే అలిగేవాళ్లందరినీ ఆయన జాగ్రత్తగా గుర్తుపెట్టుకున్నాడు. అలగనివాడినే మర్చిపోయాడు. ఏసుపాదం చెవులారా వినేట్టు, జనం అందరూ ఉండగా, ఆ పేరు చెప్పి తీరాలనుకున్నాడు. ఆఖరున చెబితే లాభం లేదు. అతను బస్సులో ఉంటాడు, జనం రోడ్డు మీద ఉంటారు. మొదట్లోనే చెప్పాలి.

ఈ మాట వినగానే నాగభూషణరావు కళ్లజోడు తీసేశాడు. "దీపం వెలిగించకుండా వందన సమర్పణా? మీకేమైనా మతి పోయిందా? సంతాపసభ కూడా అలా మొదలవ్వదండీ."

వార్షికోత్సవం రోజు సాయంత్రం అయిదున్నరకల్లా హాలు నిండింది. ప్రార్థనాగీతం అయింది. అతిథుల్ని వేదిక మీదికి పిలవమని కార్యదర్శి సుబ్రహ్మణ్యానికి మైకు ఇచ్చాడు. సుబ్రహ్మణ్యం గొంతు సవరించుకుని, "ముందుగా వందన సమర్పణ," అన్నాడు.

అంతే. మూడు వందల మంది లేచారు.

ఎవరినీ తప్పు పట్టడానికి లేదు, ముప్పై ఏళ్ల అలవాటు. ఆలస్యంగా వచ్చినవాళ్లు ఇంత తొందరగా అయిపోయిందా అని విచారిస్తూనే చెప్పులు వెతుక్కున్నారు. ముఖ్య అతిథి దండ పడకముందే దండం పెట్టి, బతుకుజీవుడా అని కారెక్కేశాడు. హనోకు వెనక వరస అందుకున్నాడు. తెర దిగింది. మొదటి కృష్ణుడు సగం నీలంరంగు మొహంతో లోపల్నుంచి తల పెట్టి, "అదేంటండీ, నా సీను?" అన్నాడు. నాగభూషణరావు రెండు చేతులూ గాల్లో ఊపుతూ వరసల మధ్య పరుగెత్తాడు. అది వీడ్కోలనుకుని కొందరు తిరిగి చేతులూపారు.

సుబ్రహ్మణ్యం మాత్రం ఆగలేదు. తెర ముందు నిలబడి, "ముప్పై ఏళ్లుగా మన నాటకాలను తన వేళ్ల మీద నడిపించిన శ్రీ ఏసుపాదం గారికి," అని పూర్తిచేశాడు.

వేదిక పక్కన హార్మోనియం ముందు ఏసుపాదం కూర్చునే ఉన్నాడు. "బానే చెప్పారండీ," అన్నాడు. "మైకు ఎప్పుడో కట్టేశారు."

అప్పుడు సుబ్రహ్మణ్యానికి ఏమొచ్చిందో, పంచె ఎగ్గట్టి మెట్లు దిగి, అరవై ఎనిమిదేళ్ల మనిషి గేటు దాకా పరుగెత్తాడు. స్కూటర్లు స్టార్టవుతున్నాయి. గేటుకి అడ్డంగా నిలబడ్డాడు. ఏం చెయ్యాలో తోచక, తన ఉద్యోగమంతా రోజూ విన్న కేక అందుకున్నాడు. కోర్టు వరండాలో బంట్రోతు పిలిచినట్టు మూడుసార్లు పిలిచాడు.

"ఏసుపాదం! ఏసుపాదం! ఏసుపాదం!"

బందరులో సగం మందికి ఏదో ఒక వాయిదా ఉంటుంది. ఆ కేక వినపడగానే అందరూ ఠక్కున ఆగిపోయారు.

"నేను పూలవాడికి చెప్పాను, సోడాలవాడికి చెప్పాను," అన్నాడు సుబ్రహ్మణ్యం ఆయాసపడుతూ. "గుడివాడ నుంచి ఒక్కరోజు వచ్చినాయనకి అమృతం కురిపించారని చెప్పాను. లోపల ఆ మనిషి ముప్పై ఏళ్లు వాయించాడు. ఒక్కసారీ చెప్పలేదు. మర్చిపోయాను. ఇవాళ ఆయనకి ఆఖరిరోజు. తప్పు నాది. ఆయనకి వందనాలు. ఇంకెవరికీ లేవు."

హెల్మెట్లు పెట్టుకున్నవాళ్లు హెల్మెట్లతోనే చప్పట్లు కొట్టారు. అవి లోపలికి వినపడ్డాయో ఏమో, హాల్లోంచి హార్మోనియం ఎత్తుకుంది. నాటకానికి ముందు ఏసుపాదం ఎప్పుడూ వాయించేదే. ఆ మెట్లు వినపడితే కృష్ణుడొస్తాడని ఊరికి తెలుసు. జనం స్కూటర్లు స్టాండు వేసి వెనక్కి నడిచారు. హనోకు తిట్టుకుంటూ కుర్చీలు మళ్లీ వేశాడు.

ముఖ్య అతిథి లేకపోవడంతో ఉపన్యాసమూ లేదు. నాటకం ఆ పూట నాటకంలాగే జరిగింది. ఇద్దరు కృష్ణులూ చెరోసారి దారి తప్పారు, ఇద్దరూ క్షేమంగా తిరిగొచ్చారు. అయ్యేసరికి ఎనిమిదిన్నర. చివర వందన సమర్పణ లేదు, అయిపోయింది గదా. జనం ఎప్పుడు లేవాలో తెలీక కాసేపు అలాగే కూర్చున్నారు.

"బస్సు పోయిందండీ," అన్నాడు ఏసుపాదం, పెట్టె మూస్తూ.

"పోతే పోయింది. ఈ పూటకి మా ఇంటికి పద. మా ఆవిడ చిక్కుడుకాయ కూర చేసింది."

ఏసుపాదం పెట్టె పిడి పట్టుకున్నాడు. "మీ ఇల్లెక్కడో నాకు తెలీదండీ," అన్నాడు.

ఎంతోమంది పేర్లు ధారాళంగా చెప్పిన సుబ్రహ్మణ్యం వంగి హార్మోనియం పెట్టె రెండో పిడి పట్టుకున్నాడు.

"గట్టిగా పట్టుకోండి," అన్నాడు ఏసుపాదం. "ఆ పక్క బరువెక్కువ."